నాలుగు వేళ్లు తక్కువైన మొలతాడు

2001లో దసరా పండుగ నాడు, పొద్దున సరిగ్గా ఏడున్నరకు, నా పెద్దకొడుకు మల్లేశుకు కొత్త మొలతాడు కడుతుంటే ముడికి అందలేదు. నాలుగు వేళ్లు తక్కువైంది. మా ఇంట్లో మగవాళ్లకు ఏటా దసరాకే తాడు మారుస్తాను. పోయినేడు ఎంత తెచ్చానో అంతే తెచ్చాను.

"సేటువైనవ్ రా!" అన్నాను సంబరంగా.

కోడలు సుజాత నవ్వింది. "కాళ్లు సూడు అత్తమ్మా, కట్టెపుల్లలు. సేటు పొట్టకాడనే ఆగిండు."

"నీ చేతి వంటనే గద," అని వాడు చెంబెడు నీళ్లు తాగాడు. నేను తాడుకు ముక్క అతికించేలోపు ఇంకో చెంబు తాగాడు. చూశాను. పట్టించుకోలేదు.

అలియాబాద్‌లో మా పొలం అప్పటికే ప్లాట్లయిపోయింది. నాగలి వదిలిన మల్లేశు కుర్చీలో కూర్చుని ప్లాట్లు అమ్మించే పనిలో పడ్డాడు. తిండి మాత్రం నాగలి పట్టిన నాటిదే.

ఆ చలికాలం మెడ మీద గడ్డ లేచి మానకపోతే శామీర్‌పేటలో దవాఖానకు తీసుకుపోయాను. "షుగర్ టెస్ట్ చేయించుండ్రి," అన్నాడు కాంపౌండర్. గోడ మీద ఎత్తుకు తగ్గ బరువుల చార్టు ఉంది. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కనపడ్డదల్లా చదివేదాన్ని. వాణ్ని కాటా ఎక్కించాను. అరవై నాలుగు కిలోలు. చార్టు ప్రకారం సరిగ్గానే ఉంది.

"గీ బక్కోనికి షుగరేంది? నేను సదివిన, మంచిగనే ఉన్నడు," అని ఇంటికి తోలుకొచ్చాను. ఆ ఒక్క మాటకు రెండున్నరేళ్లు పోయాయి.

2004 ఎండాకాలం కాలికి పుండు పడి నల్లబడింది. పట్నం ఆసుపత్రిలో ఫాస్టింగ్ షుగర్ చూశారు, కిడ్నీల పనితనం తెలిపే క్రియాటినిన్ చూశారు. రెండూ ఎక్కువే. డాక్టరమ్మ కాటాతో ఆగలేదు, టేపు తీసి నడుము చుట్టూ పెట్టింది.

"చార్టుల మంచిగనే ఉండె బిడ్డా," అన్నాను.

"అవి తెల్లవాళ్ల ఒళ్లు చూసి వేసిన లెక్కలమ్మా. మనవాళ్లలో చాలామందికి బరువు తక్కువున్నా పొట్టలో కొవ్వు చేరుతుంది, షుగర్ ముందే వస్తుంది. కొంత జీన్స్, అంటే పుట్టుకతో వచ్చేది. కొంత తిండి, కొంత కూర్చునే పని. ఇంట్లో ఇంకెవరికైనా ఈ పొట్ట ఉందా?"

మా ఆయనకుండేది. నలభై ఆరేళ్లకు గుండె ఆగి పోయాడు. అది మా వంశం పొట్ట అని గొప్పగా చెప్పుకునేవాళ్లం.

మల్లేశు కాలి వేళ్లు రెండు తీశారు. పుండు మానింది, మళ్లీ నడిచాడు, గండం గడిచిందనుకున్నాం. ఏడాదికి కిడ్నీలు చెడ్డాయి. డయాలసిస్ నుంచి వచ్చిన ఒకరోజు, "అమ్మా, నీళ్లు తగ్గియ్యమన్నరు. గా చెంబు నాకు కనవడకుండ పెట్టు," అన్నాడు.

2006లో పోయాడు. ఆఖరి స్నానం చేయించి మొలతాడు తెంపారు. అప్పటికి అది వదులై తుంటి మీదికి జారి ఉంది.

చిన్నకొడుకు యాదయ్యదీ అదే పొట్ట. ఏడాదికి రెండుసార్లు టెస్టుకు నేనే వెంటపడి తీసుకుపోతున్నాను. విసుక్కుంటాడు. విసుక్కోనీ.

మీ ఇంట్లో ఎవరికైనా మొలతాడు బిగుతైతే ముక్క అతికించి ఊరుకోకండి. కాటా ఏం చెప్పినా సరే, పరగడుపున వెళ్లి రక్తం చూపించుకు రండి.

ఆ దసరా పొద్దున ఆ తాడు అందకపోవడం చూసి కూడా అది జబ్బని పోల్చుకోనివాళ్లం ఐదుగురం: నవ్విన సుజాత, గడపలో కూర్చున్న యాదయ్య, పండుగకు వచ్చిన నా ఆడబిడ్డ నర్సమ్మ, ముక్క అతికించిన ఈ రాజవ్వను, చేతులు పైకెత్తి నిలబడ్డ మల్లేశు.