నీడ లెక్క

నాచారం సర్కారు బడిలో అనుపాతం పాఠాన్ని అండాలు టీచర్ ఏటా జెండా కర్ర దగ్గరే చెబుతుంది. మోకాళ్ల నొప్పితో వరండా మెట్లు దిగి, కర్ర నీడను, పక్కన నిలబెట్టిన స్కేలు నీడను కొలిపించి కర్ర ఎత్తు రాబడుతుంది. వెనక బెంచీలవాళ్లు హుషారుగా లేచేది ఆ ఒక్క రోజే. ఈసారి గోడ పక్కన లేస్తున్న అపార్టుమెంటు నీడలో కర్ర మునిగిపోయింది.

"కర్రకు నీడనే లేదు టీచర్, ఇంక లెక్కెట్ల?" అని పిల్లలు నవ్వారు.

"మా నాయిన ఆడనే సెంట్రింగ్ పని జేస్తడు. ఇప్పుడు ఐదంతస్తులు, ఇంక మూడు లేపుతరంట" అంది గౌతమి గొప్పగా.

టీచర్ నిట్టూర్చింది. "అయితే గా నీడనే కొలువున్రి. ఐదంతస్తులకు గింత దూరమొస్తే, ఎనిమిదంతస్తులకు యాడిదాక వస్తది?"

వాళ్లు లెక్క కట్టి, టేపు సాగదీసుకుంటూ వెళ్లి తమ తరగతి కిటికీ దగ్గర ఆగారు. నవ్వులూ ఆగాయి. జవాబు సరైనదే. టీచర్ టేపు చుట్టుకుని, తరగతికి ట్యూబులైటు అడగడానికి హెడ్మాస్టరు గదివైపు నడిచింది.