తువ్వాలు ఊపని రోజు

పెళ్ళయిన కొత్తలో మేం బచేలిలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మావారు ఇనుప ఖనిజం మోసే గూడ్సుకి గార్డు. డ్యూటీకెక్కితే రెండు మూడు రోజులకు గానీ ఇల్లు చేరేవారు కాదు. ఆ బండి లోయకు అవతల కొండవారగా వెళ్ళేది. చివరి పెట్టెలో నిలబడి ఆయన చెయ్యి ఊపితే, నేను పెరటిగోడ దగ్గర తువ్వాలు ఊపేదాన్ని. ఎర్రది మాత్రం ఊపకూడదని ముందే చెప్పారు.

ఒకసారి జగదల్‌పూర్‌లో ఫొటో స్టూడియో నడిపే మా తమ్ముడు మూరెడు లెన్సున్న కెమెరాతో వచ్చాడు. మీ బావ ఫొటో నేనే తీస్తానని పట్టుబట్టాను. వాడు గోడ మీద బియ్యం సంచీ పెట్టి, దాని మీద లెన్సు ఆనించాడు.

"రెండు చేతుల్తో పట్టుకో అక్కా. పిసరంత కదిలినా బొమ్మ అలుక్కుపోద్ది. ఊపిరి బిగబట్టి నొక్కు," అన్నాడు.

బండి వచ్చింది. కెమెరాలోంచి ఆయన మొహం చేతికందేంత దగ్గరగా కనబడింది. ఊపిరి బిగబట్టి, చేతులు కదలనివ్వకుండా నొక్కాను.

మూడో రోజు ఇంటికొస్తూనే, గుమ్మంలోనే అడిగారు.

"ఏటే, ఒంట్లో బాగోలేదా? తువ్వాలు ఊపలేదేటి? దారంతా అదే బెంగ."

అప్పటిదాకా నాకా సంగతే తట్టలేదు.

ఫొటో కడిగించాక చూస్తే చొక్కా గుండీలతో సహా స్పష్టంగా వచ్చింది. ఆయన చెయ్యెత్తి, మా గోడకేసి చూస్తూ నన్ను వెతుక్కుంటున్నారు.

ఆయన పోయి పదేళ్ళు. ఆ ఫొటో అలుక్కుపోతే పోయేది, ఒక్కసారి తువ్వాలు ఊపాల్సింది అనిపిస్తుంది. రోజూ పొద్దున్నే పాత తువ్వాలుతో దాని అద్దం తుడుస్తాను. ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంటుంది.