పచ్చంచు చీర పీలిక

పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నానని అందరూ అంటారు. నాకు గుర్తున్నంత వరకు మాత్రం నేను పంటు మీద ఉన్నాను. కోటిపల్లి రేవులో జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటిస్తుందే, ఆ పంటే. ఎంతసేపటికీ అవతలి ఒడ్డు రాదు. నా మంచం పక్కన ఎవరో మేకని కట్టేశారు. అది మేకలా అరవదు, టింగు టింగుమంటుంది. తెల్లబట్టల పిల్లలు నా కుట్టుమిషను విప్పి ముక్కలు ముక్కలుగా జనానికి అమ్మేస్తున్నారు. ఓసి మీ దుంపతెగ, అది నా మిషనే అని అరుద్దామంటే నోట్లో ఏదో అడ్డం. చేతులెత్తబోతే లేవవు. చూద్దును కదా, మా వదినగారు నా రెండు చేతులూ మంచానికి కట్టేస్తోంది. పచ్చంచు నేతచీర పీలికతో. ఆ చీరకి ఫాల్ కుట్టింది నేనే, ఆ అంచు నాకు తెలియదూ!

వదినగారంటే మా ఆయన అక్కగారు. భర్త పోయాక కొత్తపేటలో మా వీధిలోనే, నాలుగిళ్ళ అవతల ఉంటుంది. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి నన్ను ఆస్పత్రిలో పడేసినప్పుడు దగ్గరున్నది ఆవిడే. మా ఆయన సూది చూస్తే తానే పడిపోయే రకం. ఆయన్ని కాపలా ఉంచితే ఇంకో మంచం కావాల్సొచ్చేది. ఇక నాకూ వదినగారికీ ముప్పై ఏళ్ళుగా ఉప్పూ నిప్పూ. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. వీధి మొత్తానికి కుదిరిన నా కుట్టు ఆవిడకి మాత్రం ఏనాడూ కుదిరిన పాపాన పోలేదు. చంక బిగుతంటుంది, మెడ దిగిపోయిందంటుంది, ఇంకేం దొరక్కపోతే దారం రంగు తేడా అంటుంది.

అలాంటి మనిషి నేను ఇంటికొచ్చాక మారిపోయింది. రోజూ పొద్దున్నే పథ్యం వండి కారియర్ తెచ్చేది. “కాస్త తిను అమ్మా” అనేది. అమ్మా! ముప్పై ఏళ్ళలో ఆ నోట నాకా మాట దక్కలేదు. మిషను మీద సగంలో ఆగిపోయిన తన జాకెట్టు చూసి కూడా ఒక్క వంక పెట్టలేదు. దొంగకి తేలు కుట్టినట్టుందని తీర్మానించుకున్నాను. నన్ను కట్టేసిన చేత్తో వండింది నాకు గొంతు దిగలేదు. ఆవిడ గుమ్మం దాటగానే కారియర్ పట్టుకెళ్ళి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో బోర్లించేదాన్ని. ఖాళీ గిన్నెలు చూసి మా ఆయన మురిసిపోయేవారు.

చెట్టు బాగానే ఉంది. నేనే చిక్కిపోతున్నాను. ఇలాగే బరువు తగ్గితే మళ్ళీ చేర్చుకోవాల్సొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ ఆ పంటు ఎక్కడమా! కుక్కరు విజిలేస్తేనే నా గుండె జారిపోయేది. ఫ్రిజ్ గుర్రుమంటే కాళ్ళకింద నేల కదిలినట్టుండేది. చేతుల వణుక్కి సూదిలో దారం ఎక్కేది కాదు. ఎవరితోనైనా చెప్పుకుందామా అంటే, మేక సంగతి ఒక్కటి బయటికొస్తే చాలు, పాపం బుర్ర చెదిరిందట అని అమలాపురం దాకా టాంటాం వేస్తారు. భయమేసేది. వంటింట్లో కొళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లో నా ప్రాణం నిలబెట్టింది పక్కింటావిడ. మధ్యాహ్నం స్టీలు డబ్బాలో వేడన్నం, మిరియాల చారు, కందిపచ్చడి పంపడం మొదలుపెట్టింది. లొట్టలేసుకుంటూ తినేదాన్ని. మా వదినగారిని మీ దగ్గర నాలుగు రోజులు వంట నేర్చుకోమనాలండీ అని కూడా అన్నాను. ఆవిడ ఆయ్ అని నవ్వి ఊరుకుంది.

మా వైపు పరామర్శకొచ్చినవాళ్ళు ఎలా ఉన్నావని రోగిని అడగరు. రోగి ఎలా ఉందో రోగికే చెబుతారు. బత్తాయిల సంచి కింద పెట్టి, నువ్వు దక్కవనుకున్నామని మొదలుపెడతారు. సరే, ఎలాగూ వచ్చారు కదా అని నేను దర్యాప్తు మొదలుపెట్టాను. ఆస్పత్రి పక్కన రేవేమైనా ఉందా అండీ అని ఒకరిని, లోపలికి మేకల్ని రానిస్తారా అని ఇంకొకరిని, ఏమీ ఎరగనట్టు అడిగాను. మేక మాట విన్న పెద్దాయన, నీరసానికి నాలిక అడుగుతోంది కాబోలనుకుని మర్నాడు తలకాయ కూర పంపించారు.

ఇలా కాదని, తర్వాతసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, మా ఆయన మందుల షాపుకి వెళ్ళిన సందు చూసి డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. ఐసీయూలో ఉండి వచ్చిన చాలామందికి ఇలాంటివి ఉంటాయని, పిచ్చి కాదని, జ్వరమూ మందులూ నిద్రలేమీ కలిసి చేసే పని ఇదని, టింగుమన్నది గుండె చూసే మిషనని చెప్పింది. అక్కడున్న మనిషినే అడిగి ఏది నిజమో తేల్చుకోమంది. నా నెత్తి మీంచి బస్తా దిగింది. మేక అబద్ధం, పంటు అబద్ధం, కుట్టుమిషను ఇంట్లోనే ఉంది. మరి కట్టేయడమూ అబద్ధమే కదా! పెద్దావిడని అనవసరంగా ఆడిపోసుకున్నానని సిగ్గేసి, ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను.

దండెం మీద పచ్చంచు చీర ఆరుతోంది. నన్ను చూస్తూనే వదినగారు దాన్ని లాగి ఉండ చుట్టబోయింది. కుట్టుకునేదాని చెయ్యి ఊరుకుంటుందా, అందుకుని విప్పాను. చెంగు దగ్గర బారెడు పొడుగున అంచు లేదు. కంచె ముల్లు పట్టుకుందని గొణిగింది. ముల్లు పట్టుకుంటే చీర మూలగా చిరుగుతుంది. ఇది పంటితో కొరికి, తిన్నగా చింపిన గుడ్డ. చిరిగిన తలగడ గలీబు కూడా పారేయని మనిషి, కొత్త చీర చింపింది.

“మీరే కట్టేరు కదా వదినగారూ?” అన్నాను.

ఆవిడ అరుగు మీద కూర్చుని చీర ఒళ్ళోకి తీసుకుంది.

“ఆయ్, నేనే కట్టేను. నోట్లో గొట్టం రెండుసార్లు పీకేసేవు. మళ్ళీ పీకితే ప్రాణం మీదికొస్తుందన్నారు. వాళ్ళు కట్టిన గుడ్డ ఒరుసుకుని నీ మణికట్లు కమిలిపోయేయి. కుట్టుకునే చేతులు కదా, మెత్తగా ఉంటుందని చీర చింపేను. నర్సమ్మ పట్టుకుంటే నేనే కట్టేను. నువ్వు నాకేసి చూసేవు. ఆ చూపు మర్చిపోయుంటావులే అనుకున్నాను. కొబ్బరిచెట్టు కింద అన్నం చూసేక తెలిసింది.”

“చూసి కూడా రోజూ ఎందుకు తెచ్చేరు?”

“మానేస్తే నేను చూసేనని నీకు తెలిసిపోదూ? అందుకే చెట్టుకి కారియర్లో తెచ్చి, నీకు పక్కింటావిడ డబ్బాలో పంపేను.”

మిరియాల చారు! నేను మొహం ఎక్కడ పెట్టుకోను? ఆవిడ ఒళ్ళో తలపెట్టి భోరుమన్నాను. ఆవిడా ఏడ్చింది.

చీర ఇంటికి తెచ్చాను. సూదిలో దారం ఆవిడే వచ్చి ఎక్కించింది. అదే పచ్చరంగు గుడ్డ వెతికి, చిరిగిన మేర అతికి కుట్టాను. చెయ్యి రెండు మూడుచోట్ల వణికింది. వదినగారు చీర అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, కిటికీ వెలుతురులో చాలాసేపు చూసింది.

“కుట్టు వంకర పోయిందే,” అంది. “ముప్పై ఏళ్ళైనా నీకు తిన్నగా కుట్టడం రాలేదు.”

ఆస్పత్రి నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలు. అప్పుడనిపించింది నాకు, ఇంటికొచ్చానని.