మగ్గం చప్పుడు కింద ఖాజాబీ చెప్పిన మాటలు

మొన్న హైదరాబాదులో చేనేత ప్రదర్శనకు పోయాను. ఒక మూల గుంట మగ్గం పెట్టి ఒకాయన నేసి చూపిస్తున్నాడు. పోగును బిగించే పలక పడ్డ ప్రతిసారీ నేల అదిరి, ఆ అదురు నా అరికాళ్లలోంచి పైకి పాకింది. పడుగుకు పట్టించిన గంజి వాసన ముక్కుకు తగిలింది. పక్కన నా కూతురు చీర ధర గురించి ఏదో అడుగుతున్నది. నేను నాకు తెలియకుండానే ఆమె చెవి దగ్గరికి వంగి, "ఈ నెల వచ్చిందా బిడ్డా?" అన్నాను. "అమ్మా, ఈడనా అడిగేది?" అని ఆ పిల్ల తెల్లబోయింది. నాకు నవ్వు ఆగలేదు. మగ్గం ఆడుతున్నప్పుడే ఆడవాళ్ల ముచ్చట మాట్లాడాలని నాకు నేర్పిన మనిషి ఒకామె ఉంది. ఆమె ఖాజాబీ.

ఎనభైల నడిమి మాట. ఖాజాబీ మా ఊరికి వచ్చే ప్రభుత్వ నర్సు. ఆలేరులో కిరాయి ఇంట్లో ఉండేది. వారానికి రెండుసార్లు బస్సు దిగి, కంకర రోడ్డు మీద రెండు మైళ్లు నడిచి మా నేత వాడకు వచ్చేది. నలభై దాటిన వయసు, బొద్దుగా ఉండేది, నీలి అంచు తెల్లచీర, భుజాన తోలు సంచి. వచ్చీ రాగానే సంచి తెరిచేది కాదు. రాట్నం ముందు కూర్చున్న మా పక్కన చతికిలబడి, తనూ ఒక కండెకు నూలు చుట్టడం మొదలుపెట్టేది. ఆమె చుట్టిన కండె ఎప్పుడూ వదులే. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెడితే పోగు తెగేది. "సిస్టరమ్మా, నువ్వు సూదులేసుకో, కండెలు మాకిడ్సిపెట్టు" అని మా అత్త దెప్పేది. ఆమె చెయ్యి మాత్రం ఆగేది కాదు.

నేత ఇళ్లలో మగ్గం, వంట, పడక అన్నీ ఒకే కప్పు కింద. మగవాళ్లు పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. ఇక ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటారు? అందుకని ఖాజాబీ ఒక ఉపాయం చేసింది. మా మామ మగ్గం ఆడుతున్నంతసేపూ నెలసరి గురించీ, పిల్లలు కాకుండా వేసుకునే గోళీల గురించీ, కాపర్‌-టీ గురించీ, కాన్పుకూ కాన్పుకూ ఉండాల్సిన ఎడం గురించీ మా చెవుల్లో చెప్పేది. పోగు తెగి మగ్గం ఆగిందంటే, మాట మధ్యలోనే గొంతు పెంచి, "గ్లాసెడు నీళ్లల్ల చెంచెడు చక్కెర, చిటికెడు ఉప్పు" అంటూ పిల్లల విరేచనాల మీదికి దూకేది. ఒకరోజు మామ గుంటలోంచి తలెత్తి, "సిస్టరమ్మా, ఉప్పు చక్కెర నీళ్ల ముచ్చట నాకు నోటికొచ్చింది గని, మా కోడండ్లు గంత నవ్వుతున్నది గా నీళ్లకేనా?" అన్నాడు. ఆ రోజు ఖాజాబీ చేతిలో కండె కూడా జారి పడింది.

నా సంగతీ కొంత చెప్పాలి. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. పెళ్లయ్యాక, నూలు తేవడానికి ఆలేరు పోయినప్పుడల్లా అక్కడి గ్రంథాలయంలో ఒక గంట కూర్చునేదాన్ని. వైద్యం, చట్టం, ఖగోళం, పశుపోషణ, అట్ట ఉన్నదల్లా చదివాను. ఊళ్లో ఎవరికి జాబు వచ్చినా, ఎవరికి సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. ఆ గర్వం నాకు ఉండేది, ఇప్పటికీ ఉంది. ఖాజాబీ నన్ను లైబ్రరీ పిల్ల అని పిలిచేది. అందులో మెప్పెంతో ఎకసెక్కమెంతో నాకు ఎన్నడూ తేలలేదు.

నా చిన్న యారాలు, అంటే మా మరిది భార్య, సుగుణ. ఇరవై నాలుగేళ్లకు ముగ్గురు పిల్లలు. చిన్నదానికి తొమ్మిది నెలలు. మరిది భీవండిలో మరమగ్గాల మీద పనికి పోయి మూడు నాలుగు నెలలకు ఒకసారి వచ్చి, వారం ఉండి పోయేవాడు. ఖాజాబీ సుగుణకు రోజుకొకటి వేసుకొమ్మని గోళీల పట్టీ ఇచ్చింది. సుగుణ దాన్ని బియ్యం డబ్బాలో భద్రంగా దాచి, మరిది వచ్చిన వారం మాత్రమే వేసుకుంది. ఆయన బస్సెక్కగానే మానేసింది. మనిషి లేనప్పుడు మందెందుకు దండగ అని ఆమె లెక్క. మా వాడలో భీవండి పెళ్లాలందరిదీ అదే లెక్కని తర్వాత తెలిసింది.

సుగుణకు నెల తప్పింది. రెండో నెల కూడా దాటవచ్చింది. నన్ను పెరట్లోకి పిలిచి, "అక్కా, నా పానం ఇగ తట్టుకోదు. చిన్నదే ఇంకా పాలిడ్వలేదు. తీపిచ్చుకోవచ్చా?" అని అడిగింది. నేను ఆలోచించనైనా లేదు. గ్రంథాలయంలో చదివిన చట్టం పుస్తకంలో పేజీ సహా నాకు గుర్తుంది. "అది నేరం సుగుణా. చేసినోళ్లకూ చేయించుకున్నోళ్లకూ జైలు" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. తలొంచుకుని ఇంట్లోకి పోయింది.

రెండు రోజులకు మా అత్త నోట విన్నాను. పక్క ఊళ్లో కడుపు పోవడానికి పుల్లమందు పెట్టే ముసలామె దగ్గరికి సుగుణ శుక్రవారం పోనున్నదట. ఆ ముసలామె చేతిలో అంతకు ముందు ఏడాదే మా వాడ మనిషి ఒకామె ప్రాణం పోయింది. నేను చదివి చెప్పిన మాటే సుగుణను అటు తోసిందని అర్థమైంది. అది బుధవారం, ఖాజాబీ వచ్చే రోజు. కంకర రోడ్డు మీద ఎదురుపోయి ఆమెకు అంతా చెప్పాను.

ఆమె నడక ఆపలేదు. "ఏ సాలు పుస్తకం అది?" అంది.

నేను సాలు చూడలేదు. అట్ట చూశాను, పేజీలు చూశాను, అచ్చయిన సంవత్సరం చూడాలని నాకు తోచనే లేదు. "మొదటి కాయితాలు చెదలు తిన్నయ్" అన్నాను.

"చట్టం డెబ్బై ఒకటిలనే మారింది. నీ పుస్తకం నీ పెండ్లి కన్న పాతది. నీ తప్పు సగమే తియ్, మిగిలింది చెదలది. నడువ్ జల్ది."

ఇంట్లో మామ మగ్గం ఆడుతున్నది. ఖాజాబీ సుగుణ పక్కన కూర్చుని, ఎప్పటిలా కండె తీసుకోలేదు. సుగుణ చెయ్యి తీసుకుంది. "నీకేం గావాలె బిడ్డా? అత్తకు కాదు, మొగనికి కాదు, నాకు కాదు. నీకు."

సుగుణను అట్లా అడిగినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. ఆమె గట్టిగా ఏడ్చింది. అప్పుడే మగ్గం ఆగింది. ఖాజాబీ అలవాటుగా "గ్లాసెడు నీళ్లల్ల" అని మొదలుపెట్టబోయి, సుగుణ ముఖం చూసి ఊరుకుంది. మామ గుంటలోంచి ఒకసారి మా వైపు చూశాడు. మళ్లీ వంగాడు. మగ్గం మొదలైంది, ఇంతకు ముందుకన్నా గట్టిగా. ఆ చప్పుడు కింద ఖాజాబీ అన్నీ విప్పి చెప్పింది. ఉంచుకుంటానంటే కాన్పు దాకా తను చూసుకుంటుంది. వద్దనుకుంటే పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చేస్తుంది. మూడు నెలల లోపైతే చిన్న పని, పొద్దున పోతే పొద్దుగూకేలోగా ఇంటికి రావచ్చు. ఆలస్యమైనకొద్దీ కష్టం. పుల్లలు, పసరు మందులు ముట్టుకోవద్దు. "రెండు దినాలు సోంచాయించు" అంది. "రెండు దినాలెందుకు, రెండు నెలలసంది అదే సోంచాయిస్తున్న. నాకొద్దు" అంది సుగుణ, ఏడుపులోనే నవ్వి.

సాయంత్రం చూస్తే మగ్గం మీద బట్ట జానెడు కూడా పెరగలేదు. నాడెలో కండె అసలు లేదు. మామ అంతసేపూ ఉత్త పలకే కొట్టాడు.

ఖాజాబీ తన శిక్షణలో ఇచ్చిన చిన్న పుస్తకం నాకిచ్చి పోయింది. మొదట సంవత్సరం చూసి, తర్వాత రెండుసార్లు చదివాను. శుక్రవారం ముగ్గురం దవాఖానకు పోయాం. కాయితాలు రాసే ఆయన తలెత్తకుండా, "భర్త సంతకం?" అన్నాడు. భర్త భీవండిలో. జాబు పోయి మనిషి వచ్చేసరికి మూడు నెలలు దాటిపోతాయి. సుగుణ నా కొంగు పట్టుకుంది. ఖాజాబీ నా వైపు చూసి గడ్డం ఆడించింది. నేను ఆ పుస్తకంలోని మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాను. పద్దెనిమిది నిండిన ఆడమనిషికి తన సమ్మతి ఒక్కటే చాలు, మరొకరి సంతకం అక్కర్లేదు.

ఆయన ఇప్పుడు తలెత్తాడు. "ఈమెవరు, వకీలా?"

"కాదు సార్. కండెలు చుడ్తది" అంది ఖాజాబీ. "కావాల్నంటే డాక్టరమ్మనే అడుగుర్రి." లోపలినుంచి డాక్టరమ్మ, ఆమె చెప్పింది నిజమే, కాయితం పంపండి అంది. సుగుణ తన పేరు మూడక్షరాలూ వంకరగా రాసింది.

సాయంత్రం బస్సులో సుగుణ నా భుజం మీద నిద్రపోయింది. జ్వరం వచ్చినా, ఎక్కువ రక్తం పోయినా ఏ వేళైనా కబురు చేయమని ఖాజాబీ చెప్పింది. ఆ తర్వాత కూడా మూడు రోజులు వరుసగా వచ్చింది. నెలకు ఇంతమందికి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించమని పైవాళ్లు ఆమెను ఎప్పుడూ ఒత్తిడి చేసేవారు. సుగుణకు చేయించవా అని నేనే ఎత్తితే, "నా రిజిస్టర్ల ఒక గీత తక్కువైతే నన్ను తిడ్తరు. నాకలవాటే. నువ్వు దానికి ఫికర్ చెయ్యకు" అంది. సుగుణ కాపర్‌-టీ వేయించుకుంది. గోళీల సంగతి భీవండి పెళ్లాలందరికీ చెప్పే పని మాత్రం తనే తలకెత్తుకుంది. "మొగడున్నా లేకున్నా దినాం ఒకటి. అన్నం తిన్నట్టు" అని మగ్గం ఆగినా గొంతు తగ్గించేది కాదు. మరిది వచ్చి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. మూడో రోజు తనంతట తనే ఖాజాబీకి రోడ్డు దాకా ఎదురుపోయి, మగవాళ్ల ఆపరేషన్ గురించి అడిగాడు. మరుసటి ఏడు చేయించుకున్నాడు. మామ వాడంతా తిరిగి అదేదో పతకం వచ్చినట్టు చెప్పుకున్నాడు.

తొంభైల మొదట్లో ఖాజాబీకి మహబూబ్‌నగర్ వైపు బదిలీ అయింది. పోయే రోజు మా అత్త ఆమెకు చీర పెట్టింది. మామే నేశాడు. ఆ తర్వాత రెండు జాబులు వచ్చాయి, ఇక రాలేదు.

ఆ ఏడాది తర్వాత నేను ఇంకా వందల పుస్తకాలు చదివాను. తెలిసిందంతా ముందే చెప్పేయాలన్న తొందర ఇప్పటికీ నాలుక చివరన ఉంటుంది. కానీ మా వీధిలో ఏ ఆడపిల్ల అయినా గుమ్మం దగ్గర నిలబడి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక కొంగు మెలిపెడుతుంటే, ఆ తొందరను మింగేస్తాను. "నీకేం గావాలె బిడ్డా?" అని అడుగుతాను. ఆమె చెప్పేదాకా ఆగుతాను. ఆ తర్వాత చెప్పులేసుకుని ఆమె వెంట బయలుదేరుతాను.