నానబెట్టిన పెన్ను

సూర్యాపేటలో తహసీల్ ఆఫీసుకు ఎదురుగా దామోదర్‌కు ఒక జిరాక్స్ షాపుంది. అందులో రెండు బాల్‌పెన్నులు పురికొసతో బల్లకు కట్టేసి ఉంటాయి. ఎకరాల భూమికి సంతకం పెట్టడానికి వచ్చిన పెద్దమనిషి అయిదు రూపాయల పెన్నును జేబులో వేసుకుపోతాడట, అందుకని. జనమంటే దామోదర్‌కు అంత మంచి అభిప్రాయం. దరఖాస్తు నింపడం రాక చేతులు కట్టుకుని నిలబడే రైతూ అతనికి లోకువే, నింపమంటే నీళ్లు నమిలే డిగ్రీ పిల్లలూ లోకువే. ఇంకు పెన్ను పట్టని చెయ్యి అసలు చెయ్యే కాదంటాడు. అతని ప్రకారం సూర్యాపేట మొత్తానికి చెయ్యి ఉన్నది ఒక్క దామోదర్‌కే.

యాభై రెండేళ్ల ఈ మనిషికి పాత ఇంకు పెన్నులు పోగేసే పిచ్చి. పాతవైతే చాలదు, ఇంట్లోవాళ్లకు వాటి విలువ తెలియకుండా కూడా ఉండాలి. విలువ తెలిసినవాడి దగ్గర కొనడం అతని దృష్టిలో చేతకానితనం. ఆదివారం వస్తే బండి తీసి కోదాడకో మిర్యాలగూడకో పోతాడు. ఏ వీధిలో ఏ దస్తావేజు లేఖరి చచ్చిపోయాడో, ఏ టీచరు మంచానపడ్డాడో అతనికి కంఠతా వచ్చు. పలకరించడానికి వచ్చాడనుకుని పాపం వాళ్లు చాయ్ పెట్టి ఇస్తారు. అతను తాగుతూ వాళ్ల జేబుల వంక, అలమరాల వంక చూస్తుంటాడు.

కోదాడలో ముఖేష్ అనే కుర్రాడి తాత ఒకప్పుడు దస్తావేజులు రాసేవాడు. ఆయన పోయాక ముఖేష్ ఒక రేకుపెట్టె నిండా పెన్నులు తెచ్చి ముందు పెట్టాడు. దామోదర్ మూతి ముడిచి, "ఇవి పాత సామాన్లోనికి ఏసినా తీస్కోడు తమ్మీ" అన్నాడు. "అయితే మీరే పట్టుకెళ్లండి బాబాయ్, మాకు పెట్టె ఖాళీ అయితే చాలు" అన్నాడు ఆ అమాయకుడు. పెట్టెలో బంగారు పాళీ ఉన్న పెన్నులు మూడు ఉన్నాయి. దామోదర్ సూర్యాపేట దాకా బండి మీద ఒక్కడే నవ్వుకుంటూ వచ్చాడు. తాత పెన్నుకు, పళ్లపుల్లకు తేడా తెలియని వెధవ అని ముఖేష్‌ను ఆ రాత్రి భార్య ముందు తిట్టాడు కూడా. దోచుకున్నవాణ్నే తిట్టడం ఒక విద్య. అది దామోదర్‌కు బాగా వచ్చు.

భార్య పూర్ణిమ మాత్రం, "గా పిల్లగాడు పిచ్చోడైతే నువ్వేందయ్యా? ఇంట్ల పిండి డబ్బాకు మూత లేదు, నీ పెన్నులకు మాత్రం మఖ్మల్ పెట్టె" అని అన్నం పెట్టి వెళ్లిపోయింది.

ఎండిపోయిన ఇంకు గట్టిపడి పాళీ కదలకపోతే, పెన్నును మూడు రోజులు నీళ్లలో వేస్తే మెల్లగా వదులుతుంది. మనుషుల విషయంలోనూ దామోదర్‌ది అదే పద్ధతి. నచ్చిన పెన్ను కనబడితే ఆ రోజు కొనడు. ఇది పనికిరాదని తేల్చి చెప్పి వచ్చేస్తాడు. మూడు నెలల్లో ఆ మాట సొంతదారు మనసులో నాని నాని, ఆ పెన్నును చూస్తేనే వాళ్లకు చిరాకు పుడుతుంది. అప్పుడు మళ్లీ పోయి, జాలిపడి తీసుకున్నట్టు తీసుకుంటాడు. ఈ నానబెట్టుడు తానే కనిపెట్టానని అతనికి మహా గర్వం.

ఇంత తెలివి ఉన్నా ఒక లోటు అతన్ని కొరుకుతూనే ఉండేది. హైదరాబాదులో పెన్నుల వాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. రెండేళ్ల కిందట వాళ్లంతా ఒకచోట కలుస్తుంటే దామోదర్ తన మఖ్మల్ పెట్టె చంకన పెట్టుకుని పోయాడు. ఇంగ్లిషులో మాట్లాడే ఒక ఆసామి అర నిమిషం పెట్టెలోకి చూసి, "స్కూల్ పెన్నులు బాగనే పోగేసిన్రు" అని భుజం తట్టి పక్క బల్లకు వెళ్లిపోయాడు. లోకాన్నంతా పురుగుల్లా చూసే మనిషి ఆ భుజం తట్టుడు మరిచిపోలేకపోయాడు. వాళ్లంతా నోళ్లు తెరిచి చూసే పెన్ను ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు అనుకున్నాడు.

అది మిర్యాలగూడలో, తనకు తెలుగు చెప్పిన కృపాకర్ సార్ జేబులో దొరికింది.

దామోదర్ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఆ పెన్ను రోజూ చూసినవాడే, అప్పుడు తెలియదు. సార్‌కు ఎనభై రెండు. పోయిన ఏడాది దసరాకు ముందు చూడటానికి పోతే పెన్ను చేతికిచ్చి, "మన స్వాతికి స్కూల్ల నౌకరి వచ్చింది దామోదర్. టీచర్ ట్రైనింగ్ పాసైననాడు మిషన్ హాస్టల్ దొరసాని తను రాసుకునేది తీసి నాకిచ్చిన పెన్ను ఇది. ఇప్పుడు నా మనవరాలికి ఇద్దామనుకుంటున్న. నువ్వు తెలిసినోనివి. మంచిదేనా?" అని అడిగాడు.

నల్లటి పెన్ను ఎండకు, చెమటకు పాచిరంగుకు తిరిగింది. దామోదర్ బొటనవేలితో దాని ఒళ్లు రుద్ది, ముక్కు తుడుచుకున్నట్టు వాసన చూశాడు. కాలిన రబ్బరు వాసన. ఎబొనైట్, పాతకాలం పెన్నులు చేసే గట్టి రబ్బరు. పాళీ మీద పద్నాలుగు క్యారెట్ల గుర్తు, ఇంగ్లండు కంపెనీ పేరు, తొంభై ఏళ్లకు తక్కువ ఉండదు. హైదరాబాదు ఆసామి దగ్గర కూడా ఇలాంటిది లేదు. అయినా మొహం చిట్లించాడు.

"ఏం పెన్ను సార్ ఇది. రంగు సూడున్రి, ఎట్ల దిగిపోయిందో. పాళీకి బంగారు పూత గంతే. చదువుకున్న పిల్ల, నలుగురిల దీంతోని రాస్తే నవ్వుతరు. రెండు వందలు పెడితే మంచి జెల్ పెన్ను వస్తది."

సార్ కాసేపు పెన్ను వంక చూసుకున్నాడు. "అట్లనా" అన్నాడు. మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నలభై ఏళ్లు ఆ పెన్నుతో పిల్లల తప్పులు దిద్దిన మనిషి, శిష్యుడి మాటను ఎందుకు దిద్దుతాడు? ఆ ముసలి మొహం వాడిపోవడం దామోదర్ చూడకపోలేదు. చూసి, పనయిందనుకున్నాడు. మూడు నెలలు కాదు, చదువుకున్నవాడు గనక నాలుగు నెలలు నాననిద్దాం అనుకుని సూర్యాపేట వచ్చేశాడు. ఆ నాలుగు నెలల్లో మఖ్మల్ పెట్టె నడిమధ్య ఒక గాడి ఖాళీ చేసి ఉంచాడు.

జనవరి ఆఖరి ఆదివారం కిలో బత్తాయిలు కొనుక్కుని మిర్యాలగూడ పోయేసరికి సార్ ఇంటి ముందు టెంటు వేసిన గుంతలు కనిపించాయి. లోపల బల్ల మీద సార్ ఫోటో. ఫోటోలో జేబుకు పెన్ను క్లిప్పు మెరుస్తోంది.

సార్ భార్య ఎస్తేరమ్మ కళ్లొత్తుకుంటూ, "పంతొమ్మిది రోజులాయె బిడ్డా, నిద్రలనే పోయిండు. నీకు కబురు చెప్పనీకె నంబరు దొరకలే" అంది.

దామోదర్ ఏడుపు మొహం పెట్టాడు. ఏడుపు మొహం పెడుతూనే బల్ల మీద, గూట్లో, కళ్లజోడు పక్కన అంతటా వెతికాడు. ఆగలేక అడిగేశాడు. "సార్ పెన్నేదమ్మా? జ్ఞాపకంగ దాసుకుందామని."

"ఆయన జేబులనే ఉన్నది బిడ్డా. చర్చికి ఏసుకునే తెల్లంగి తొడిగి, చేతిల బైబిల్ పెట్టి, జేబుల పెన్ను పెట్టి పంపినం. పోవుడుకు నెల ముందే చెప్పిండు, పనికిరాని వస్తువు పిల్లకు అంటగట్టొద్దు, నాతోనే రానియ్యిరి అని."

అయ్యో సార్ అనలేదు. దామోదర్ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది. "సమాధికి సిమెంటు పోసిన్రా అమ్మా?"

ఆ తల్లి దాన్ని ప్రేమనుకుంది. "పోసినం నాయనా. మా చెల్లె కొడుకు మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల చేస్తడు. బస్తాలు తెచ్చి దగ్గరుండి పోయించిండు, వందేండ్లు చెక్కుచెదరదు" అని చెంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ అంది. "నీ గురించి ఎంత చెప్పేటోడో తెలుసా. వేరేటోడైతే మంచిదని ఆశ చూపి ఏమన్న చేసేటోడు, మన దామోదర్ మొహం మీద నిజం చెప్పిండు, వాడు నా శిష్యుడు అని వచ్చినోళ్లందరికీ చెప్పిండు."

సిగ్గున్నవాడైతే అక్కడే కూలబడి నిజం చెప్పేవాడు. దామోదర్ బత్తాయిల సంచి బల్ల మీద పెట్టి లేచాడు.

గేటు దాకా స్వాతి వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, కొత్త టీచరు. మాట మెల్లగా ఉంది.

"అంకుల్, ఆ పెన్ను సంగతి నాకు తెలుసు. తాత పోయిననాడు, ఆయనను పెట్టెల పండబెట్టేముందు పెన్ను ఫోటో తీసి, ఫోన్ల ఎతికి సూసిన."

దామోదర్ గేటు పట్టుకున్నాడు. "మరి తెలిసీ మట్టిల..."

"అమ్మమ్మకు చెప్తే, తాత నమ్మినోడే మోసం చేసిండని ఉన్నన్ని రోజులు ఏడుస్తది. చెప్పకుంట ఇంట్ల ఉంచితే మీరు మళ్ల వస్తరు. పోయినసారి మీరు వాసన సూసినప్పుడు నేను వంటింట్ల నుంచి సూసిన అంకుల్. అందుకే నా చేతులతోని నేనే జేబుల పెట్టిన. తాతకు మీ మీద ఉన్న నమ్మకం గూడ ఆయనతోనే పోయింది, మంచిగ. ఇగ రాకండి."

ఇంత మాట అన్నాక మనిషన్నవాడు తల వంచుకుని బండి ఎక్కుతాడు. దామోదర్ తల వంచుకున్నాడు, బండి ఎక్కాడు, కిక్కు కూడా కొట్టాడు. ఆపై ఆగాడు. నడిమధ్య ఖాళీగా ఉన్న గాడి గుర్తొచ్చిందో, భుజం తట్టిన ఆసామి గుర్తొచ్చాడో, వెనక్కి తిరిగి పళ్లికిలించాడు.

"ఫోటో తీసిన్నంటివి గద బిడ్డా. జర నాకు వాట్సాప్ పెడ్తవా? మా గ్రూపుల సూపెడ్త, మా సార్‌దని."

స్వాతి గేటు మూసి గొళ్లెం పెట్టింది. లోపలికి వెళ్లి తాళంకప్ప తెచ్చి, పట్టపగలు, ఇంట్లో మనుషులుండగా, అతను చూస్తుండగానే గేటుకు తాళం వేసింది.