మ్యాపులో మెరక, చేలో నీళ్ళు

2023 వానాకాలం. రాజోలు వైపు ఓ ఊళ్ళో రైతులు, ఏ చేను కొబ్బరికీ కోకోకీ పనికొస్తుందో, ఏది వరికే వదిలెయ్యాలో తేల్చిపెట్టమని మా ఆఫీసుకి కబురు పంపేరు. నేలలో తేమ ఎక్కడెంత ఉంటుందో మ్యాపు గియ్యడం నా పని. ఊరంతా మట్టి తవ్వి చూడక్కర్లేకుండా, ఎత్తుపల్లాల్ని బట్టే అంచనా కట్టేస్తాం. వినడానికి గారడీలా ఉంటుంది గానీ సంగతి చాలా సింపులండి.

ఒక చోటికి ఎంత మేర నేల మీది నీళ్ళు వచ్చి చేరతాయి, ఆ చోటు ఎంత వాలుగా ఉంది, ఈ రెండే చూస్తాం. నీళ్ళు ఎక్కువొచ్చి వాలు తక్కువుంటే చెమ్మ నిలుస్తుంది. దీన్ని టోపోగ్రాఫిక్ వెట్‌నెస్ ఇండెక్స్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. ఎత్తులు శాటిలైట్ ఇస్తుంది, ఆ ఎత్తుల పటాన్ని డెమ్ అంటాం. కోనసీమలో డెమ్ పట్టుకుని పనిచేసేవాడికి మొదటి శత్రువు కొబ్బరిచెట్టే. పైనుంచి చూసేదానికి కొబ్బరి తలలే నేలలా కనపడి తోటలన్నీ కొండలైపోతాయి. ఇక్కడ మెరకకీ పల్లానికీ తేడా చూడబోతే జానెడు. అంచేత చెట్ల ఎత్తు తీసేసి, అక్కడక్కడా ఎత్తు కొలిచే లెవెల్ పెట్టి సరిచూసుకుని గానీ మ్యాపు బయటపెట్టం.

మ్యాపు పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళిన రోజు ముందుగా వచ్చినావిడ కరుణ టీచరు గారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేరు. ఆ వచ్చిన డబ్బుతో ఓ ఎకరం కొన్నారు. సొంత భూమన్నది వాళ్ళ ఇంటా వంటా లేదు, ఇదే మొదలు. రెండుసార్లు కొబ్బరి మొక్కలు పెడితే రెండుసార్లూ వేళ్ళు కుళ్ళిపోయేయట. పక్క చేలు అప్పటికే రొయ్యల చెరువులైపోయేయి. ఆ చెరువులాయన ఈవిడ ఎకరం కూడా లీజుకి అడుగుతున్నాడు. ఒక్కసారి తవ్వి ఉప్పునీళ్ళు పెట్టేక ఆ మట్టి మళ్ళీ చేను కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. మ్యాపు చూసేక చెప్తానని ఆయనకి మాటిచ్చేనన్నారు.

మ్యాపులో తడి చేలు నీలం, ఆరిన చేలు గోధుమరంగు. ఆవిడ ఎకరం గోధుమరంగులో ఉంది. హమ్మయ్య అనుకుని చేలోకి దిగేను. పిక్కల దాకా నీళ్ళు! మట్టిలో గుచ్చితే తేమ శాతం చూపించే ప్రోబ్ ఒకటి నా సంచిలో ఉంది. దాన్ని తియ్యలేదు, నా పేంటే చెప్పేసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

నా అనుమానం కొబ్బరి తలల మీదకే పోయింది. చెట్ల ఎత్తు సరిగా తియ్యలేదు కాబోలు, పల్లపు చేను మెరకలా కనపడుతోంది అనుకున్నాను. మ్యాపులో అలాంటి గళ్ళు నాలుగైదు వస్తే చుట్టుపక్కల గళ్ళని బట్టి దిద్దెయ్యడం మాలో మామూలే. గట్టు మీదే లాప్‌టాప్ తెరిచి, తప్పు మాదేనండీ, నీలం చేసేస్తానన్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేరు.

"ఆన్సరు కొట్టేసి పక్కవాడిది చూసి రాస్తే మా క్లాసులో ఏం చేసేదాన్నో తెలుసాండీ?" అన్నారు నవ్వుతూ. ఆ తరవాత నవ్వలేదు. "మా అమ్మ ఊడ్పులూడ్చిన చేలన్నీ పరాయివాళ్ళవే బాబూ. ఇది నాది. మీరు నీలం అంటే నేను చెరువుకి గొయ్యి తవ్వించెయ్యాలి. లెక్క సరిచూడకుండా తవ్వించను."

లెవెల్ తెప్పించి, చేను నాలుగు మూలలా, అక్కణ్ణుంచి మురుగు కాలవ దాకా ఎత్తులు తీసేం. చిత్రం, మ్యాపు చెప్పిందే నిజం. ఆ ఎకరం నిఖార్సయిన మెరక. నీళ్ళు వాటంతటవే కాలవలోకి జారిపోవాలి, జారటం లేదు. నేను తల గోక్కుంటున్నాను. ఆవిడ గొడుగు కింద నిలబడి మ్యాపుకేసే చూస్తూ, తాపీగా ఓ ప్రశ్న వేసేరు.

"మీ మ్యాపుకి కనపడనివి ఏంటండీ?"

ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ అది అడగలేదు. అందరూ కనపడేవే చెప్పమంటారు. కాస్త ఆలోచించి చెప్పేను. మ్యాపంతా గళ్ళండి, ఒక్కో గడీ పెద్ద పెరడంత ఉంటుంది, అంతకన్నా సన్నటివి దానికి ఆనవు, గట్లూ బోదెలూ చిన్న రోడ్లూ అన్నాను.

"రోడ్డు కనపడదాండీ?"

"ఆయ్, కనపడదండి."

ఇద్దరం ఒకేసారి తల తిప్పేం. చేనుకీ కాలవకీ మధ్యన ఊరి రోడ్డుంది. సిమెంటు వేసినప్పుడు బాగా ఎత్తు లేపేరు. మ్యాపుకి ఆ రోడ్డు తెలీదు గనక అందులో నీళ్ళు హాయిగా దాటిపోతున్నాయి. చేలో నీళ్ళు మాత్రం రోడ్డు దగ్గరే ఆగిపోయేయి. దాని కిందనుంచి నీళ్ళు దాటే తూమేదో ఉండి తీరాలి, చూస్తే ఎక్కడా లేదు. మ్యాపులో నీటిదారి రోడ్డుని దాటే చోటు గుర్తుపెట్టుకుని, మట్టిని తొలిచే ఆగర్‌తో రోడ్డు వార పొడుచుకుంటూ వెళ్ళేను. ఒకచోట ఠంగుమంది. పాత సిమెంటు గొట్టం, రోడ్డు లేపినప్పుడు పోసిన మట్టి కింద మూతి పూడుకుపోయి ఉంది. అవతలి మూతి కాలవలో గుర్రపుడెక్క కింద దొరికింది.

పంచాయతీ వాళ్ళు మనుషుల్ని పెట్టి తవ్వించేరు. నీళ్ళు ముందు బుడబుడలాడేయి, తరవాత బురదబురదగా కాలవలోకి ఉరికేయి. ఆవిడ గట్టు మీద చతికిలబడి ఏడ్చేసేరు. దాచుకోలేదు. కళ్ళు తుడుచుకుని నా ముందే చెరువులాయనకి ఫోన్ చేసేరు. చేను ఇవ్వటం లేదండి అన్నారు. అటుపక్క ఏమన్నాడో మరి, "ఆయ్, బాగా ఆలోచించుకునే చెప్తున్నానండి" అని పెట్టేసేరు. మరుసటి ఏడే కొబ్బరీ, మధ్యన కోకో వేసేరు. బతికేయి.

నా పనిలో నాకన్నా చదువుకున్నవాళ్ళని చాలామందిని చూసేను. అంత మంచి ప్రశ్న వేసినవాళ్ళని మాత్రం చూడలేదు. ఇప్పుడు ఏ ఊళ్ళో మ్యాపు విప్పినా, ఇందులో కనపడనివేంటో ముందు అవే చెప్తాను. మ్యాపుకీ నేలకీ పడనప్పుడు మ్యాపుని దిద్దెయ్యడం బహు తేలిక, నాలుగు గళ్ళ రంగు మారిస్తే చాలు. ఆవేళ ఆ నాలుగు గళ్ళూ నీలం చేసేసి ఉంటే ఇవాళ అక్కడ రొయ్యల చెరువుండేది. నా రిపోర్టుని తప్పని అనేవాళ్ళు కూడా ఉండేవారు కాదు.