మామ గడప ముందల బ్రేకు

ఆగుండ్రి, ఆగుండ్రి! చేతికి కట్టు కనవడంగనే నవ్వుడు షురూ జేసిండ్రు. పొద్దుగాల గేటు కాడ వాచ్‌మన్ కెల్లి మెషిన్ షాపు దాంక అందరిదీ ఒకటే మాట: "నర్సింలు మల్ల మోటర్ సైకిల్ మీదికెల్లి పడ్డడు." ఒట్టు, ఈసారి దాని తప్పేం లేదు! పాపం, అది స్టాండ్ మీద మంచిగ నిలవడే ఉండె. యూసుఫ్ భాయ్, ఒక చాయ్ ఇటు. నిన్న హత్నూరల మా మామ ఇంటి కాడ ఏమైందో చెప్త వినుండ్రి, గని మొదటికెల్లి వింటెనే సమజ్ అయితది.

నేను సెకండ్ హ్యాండ్ మోటర్ సైకిల్ కొన్న ముచ్చట మీకు ఎరికే గద. కొన్న సంబురానికి కాళ్లు నేల మీద ఆగలే. మా సత్తెమ్మ వాళ్ల అవ్వగారింట్ల ఉండె. పోయి ఆమెను ఎనకాల కూసొవెట్టుకుని, హత్నూర నుంచి పటాన్‌చెరు దాంక అందరు సూస్తుంటె తోలుకొని రావాలె! అదొక్కటే నా మనసుల. బండి అమ్మినాయన గేర్లు వేసుడు సూపెట్టిండు. ఆపుడు సూపెట్టిండో లేదో, నేనైతె వినలే. పోవుడు వస్తె సాలు, ఆపుడు ఏమంత కష్టం అనుకున్న!

బొంబాయి రోడ్డు మీద ఏం మజా వచ్చింది అన్నా! ముత్తంగి దాటిన, గాలి మొకానికి కొడుతుంటె పాట పాడుకుంట పోయిన. కంది కాడ చాయ్ తాగాలనిపించింది. గని ఆపుడు రాదాయె! హోటల్ దిక్కు సూసుకుంటనే ముందటికి పోయిన.

హత్నూరల మా మామ వాకిట్ల మంచం మీద కూసొని చుట్ట తాగుతున్నడు. నన్ను జూసి లేసి నిలవడ్డడు. ఇగ ఆపాలె. నేను పుట్టింది ఎడ్ల నడుమ. నడుసుడు రాకముందే పగ్గాలు పట్టిన చెయ్యి ఇది. ఎడ్లు ఆగాలంటె ఏం జేస్తం? పగ్గాలు గట్టిగ ఎనకకు గుంజి "హో" అంటం. నేను గదే జేసిన! హ్యాండిల్ పట్టుకొని ఎనకకు గుంజిన. గుంజితె ఏమైతది? ఎక్సిలేటర్ తిరుగుతది! బండి గుర్రుమని ఉరికింది. అది ఉరికిన కొద్ది నేను గుంజుడు, నేను గుంజిన కొద్ది అది ఉరుకుడు. "హో... హో... హో!" అని నేను అరుస్తుంటె, "ఎవల్ని ఆగుమంటున్నవ్ అల్లుడా?" అని మామ మంచం ఎనకకు దుంకిండు. కోళ్లు ఇంటి మీదికి ఎక్కినయ్. నేను బండితోని గడ్డివాముల సొచ్చిన. బయిటికి నా కాళ్లే కనవడ్డయంట.

గడ్డి దులిపి నన్ను నిలవెట్టినంక మామ ఒక్కటే మాట అన్నడు: "అల్లుడా, నా గడప ముందల దీన్ని సక్కగ నిలవెట్టి సూపెట్టు. అప్పటిదాంక నా బిడ్డ దీని మీద కూసోదు."

సత్తెమ్మ దిక్కు సూసిన. నా దిక్కు మాట్లాడ్తదేమో అని! "నాయిన చెప్పింది మంచిగనే ఉంది గదయ్యా" అని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. బస్సెక్కి వచ్చేసింది. నేను బస్సు ఎనకాల దుమ్ము మింగుకుంట ఒక్కన్నే వచ్చిన. మస్తు షరమయింది.

ఆ తర్వాత మన ఫ్యాక్టరీ సైకిల్ స్టాండ్ కథ మీరు కండ్లార సూసిందే. హ్యాండిల్ గుంజొద్దని అప్పటికి తెల్సుకున్న. గని గేట్లకు రాంగనే సైకిల్ అలవాటు ముందటికొచ్చింది. సైకిల్‌కు రెండు చేతులల్ల రెండు బ్రేకులుంటయ్ గద! రెండూ గట్టిగ పిసికిన. ఎడమ చేతిది క్లచ్ అని ఆ టైంల ఎవలికి యాదికుంటది? ముందటి చక్రం అక్కడికక్కడ పట్టేసింది, నేను నేల మీద, బండి జారుకుంట పోయి స్టాండుల తగిలింది. ఒక సైకిల్ ఇంకోదాని మీద, అది మల్లోదాని మీద, వరసగ అన్నీ వొరిగినయ్. అన్నిటికంటె అడుగున పడ్డది మన సూపర్‌వైజర్ మూర్తి గారిది!

మూర్తి గారిది కోస్తా దిక్కు ఊరు. అక్కడ మోటర్ సైకిల్ మస్తు తోలిండంట. వంగిన చక్రం చేత్తో పట్టుకుని నా మీదికొచ్చిండు. "ఏవయ్యా నర్సింలూ! ఆపడం రానివాడివి ఎందుకెక్కావయ్యా దాన్ని? ఉండు, నీకు బ్రేకు నేర్పితే గానీ నా సైకిలు బతకదు!"

ఇగ చూస్కోండ్రి! డ్యూటీ దిగంగనే ముత్తంగి అవతల ఖాళీ జాగకు పోవుడు, నేను తోలుడు, ఆయన అరుసుడు. తన టిఫిన్ క్యారియర్ తీసి నేల మీద పెట్టి, "దీనికి ఇవతల ఆగాలి. సాయంత్రం తిందామని దాచుకున్నా. గుత్తి వంకాయ కూర, జాగ్రత్త!" అన్నడు. ఆ దినం గుత్తి వంకాయ మట్టిల కలిసింది. ఆయన మొకం సూడలేక తల దించుకున్న.

"చెయ్యి వెనక్కి లాగకు బాబూ, ముందు ఎక్సిలేటర్ మూసెయ్. కుడికాలు కింద బ్రేకుంది, దాన్ని మెల్లగా తొక్కు. చేతి బ్రేకు కూడా దాంతో పాటే, మెత్తగా పట్టు. హ్యాండిల్ తిన్నగా ఉంచు. క్లచ్ చివర్న! నా క్యారియర్‌నే చూడకయ్యా, నువ్వెటు చూస్తే బండి అటే పోతుంది!"

దినాం గిదే పాట. మెల్లమెల్లగ చెయ్యి మూసుడు, కాలు తొక్కుడు నా నెత్తురుల కలిసిపోయింది. ఎంతగనం అంటె, బస్సుల కూసున్నా డ్రైవర్ కన్న ముందు నేనే తొక్కుత! అన్నం తినుకుంట తొక్కుత! "నెయ్యి గిన్నె తన్నినవ్! ఆ కాలుకేమయిందయ్యా?" అని సత్తెమ్మ తిట్టుడు. "ప్రాక్టీస్" అంటుంటి. ఒకనాడు క్యారియర్‌కు జానెడు దూరంల బండి మెత్తగ ఆగింది. మూర్తి గారు ఉరికొచ్చి నన్ను కౌగిలించుకున్నడు. ఇద్దరం ఆడనే కూసొని ఆయన పులిహోర తిన్నం.

నిన్న ఆయితారం. సత్తెమ్మ బస్సుల, నేను బండి మీద, హత్నూరకు పోయినం. మామ మంచం గడప ముందటనే వేసుకొని కూసున్నడు. గడ్డివాము కాడికెల్లి ఊరోళ్లు కూడ సూస్తున్నరు. వాకిట్లకు మలిపిన. చెయ్యి మూసిన. కాలు తొక్కిన. చెయ్యి మెత్తగ పట్టిన. మామ మంచానికి మూరెడు దూరంల ఆగింది! మంచం కింద పన్న కోడి లేవను కూడ లేదు!

"షాబాష్ అల్లుడా!" అని మామ నా ఈపు మీద సరిసిండు. "గెలిసినవ్. ఇగ నా బిడ్డను తోల్కపో." సత్తెమ్మ మొకంల ఎలుగు సూడాలె! నాకు ఏడుపొచ్చినంత పనయింది. కథ గాడికే ఆగితె ఎంత బాగుండు!

మామకు సంబురం ఎక్కువయింది. "పోయే ముందు చేనుకు పోయి మక్కకంకులు తెచ్చుకుందం పా. కొత్త కోడెలు కొన్న, కచ్చురం కట్టిన. నువ్వే తోలు" అన్నడు. కచ్చురం అంటె మా మామకు పానం, మనుషులు ఎక్కే సవారి బండి, రంగులేసి మెరిపిస్తడు. నేను నవ్విన. మోటరే ఆపినోన్ని, ఎడ్లబండి నాకొక లెక్కనా? ముందట నేను కూసున్న. పక్కన మామ, ఎనకాల సత్తెమ్మ.

గల్లి మలుపు తిరగంగనే ఎదురుంగ ఒక బర్రె అడ్డం వచ్చింది. "ఆపు అల్లుడా!" అన్నడు మామ.

ఆపిన అన్నా! మూర్తి గారు నేర్పినట్టే ఆపిన. చెయ్యి ఎనకకు గుంజలే, ముందటికి మూసిన. పగ్గాలు వదులైనయ్! కుడికాలు తొక్కిన. ముందట బ్రేకు ఏడుంది? కోడె తోక మొదలుంది! ఎడ్లు తోలేటోడు ఆడ కాలుతోని పొడిస్తె ఏందో కోడెలకు మంచిగ ఎరికే. ఉరుకుమని! ఉరికినయ్! అవి ఉరికిన కొద్ది నేను ఇంకింత తొక్కుడు, నేను తొక్కిన కొద్ది అవి ఇంకింత ఉరుకుడు!

"గుంజు! పగ్గాలు గుంజు!" అని మామ మొత్తుకున్నడు.

"గుంజొద్దు మామా! గుంజితె ఎక్కువ ఉరుకుతది!" అని నేను మొత్తుకున్న.

బర్రె తెలివిగల్లది, తప్పుకుంది. కచ్చురం పోయి పెంటకుప్పకు ఎక్కి ఒక దిక్కు వొరిగింది. సత్తెమ్మ బండి బొంగు పట్టుకొని లోపలనే ఆగింది. మామ నడుం దాంక పెంటల దిగవడ్డడు. నేను అవతల రాళ్ల మీద పడ్డ, ఎడమ చెయ్యి బెణికింది. కోడెలు ఏం కానట్టు నిలవడి గడ్డి మేస్తున్నయ్. సత్తెమ్మ నవ్వుకు ఊపిరాడుతలేదు. మా పెండ్లయినంక ఆమె అంత నవ్వంగ నేను సూడలే!

మామ లేసిండు. నెత్తి రుమాలు తీసి మీసాలు తుడుసుకున్నడు. బండి దిక్కు సూసిండు, బిడ్డ దిక్కు సూసిండు. మల్ల గట్టిగ ఒక మాట అన్నడు: "ఇగ నా బిడ్డ నీతోని ఎడ్లబండి ఎక్కదు. మోటర్ మీదనే రావాలె!"

సూసిండ్రా? ఇన్ని దినాలు ఏ మాట కోసం పరేషాన్ అయిన్నో, గదే మాట మామ నోట్లకెల్లి రెండోసారి వచ్చింది. గని ఈ చెయ్యితోని క్లచ్ ఎట్ల పట్టాలె? ఇద్దరం మల్ల బస్సే ఎక్కినం.

మోటర్ సైకిల్ మామ కొట్టంలనే ఉన్నది, కోడెల పక్కన. వచ్చేటప్పుడు సూసిన గద, మామ దానికి తాడేసి గుంజకు కట్టేస్తున్నడు. నాకు నవ్వొచ్చింది. "మామా, అది మోటరు. కట్టేయకున్నా ఏడికి పోదు" అన్న.

మామ ముడి గట్టిగ బిగించుకుంటనే అన్నడు: "అది పోదని నాకు ఎరికే అల్లుడా. నిన్ను కట్టేస్తె మర్యాద ఉండదని దాన్ని కట్టిన."